తొమ్మిదో పేజీ

జిగురక్క చేతులు పని మొదలుపెట్టి పావుగంటయింది. పాత హాజరుపట్టీ వెన్ను మీద తడిగుడ్డ పరిచి, జిగురు నానాక, మొండి చాకుతో మెల్లగా గీరుతోంది. డెబ్బై ఐదేళ్ళ నాటి జిగురు గోధుమరంగు పొరలుగా లేచి ఆమె గోళ్ళలోకి దూరుతోంది. బయట ఎనిమిది రోజులుగా ముసురు. ప్రెస్సు వెనకగదిలో కాగితాలన్నీ చెమ్మ పీల్చి, వేలు తగిలితే వంగిపోతున్నాయి.

"ఇంకా విప్పుతూనే ఉన్నావా అక్కా? పుస్తకం రాసేదెప్పుడు?" అన్నాడు గుమ్మంలోంచి తమ్ముడు. ప్రెస్సు అతనిది. ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలు.

"నోటికొచ్చింది రాయాలంటే అరగంట చాలురా. ఉన్నది రాయాలంటే ముందు విప్పాలి."

"విప్పు తల్లీ, విప్పు. ఆదివారం పొద్దునకల్లా రెండొందల కాపీలు సంఘం బల్ల మీద ఉండాలి. ఇవాళ బుధవారం. తర్వాత నన్ననొద్దు."

పుస్తకం పేరు సంఘంవాళ్ళే పెట్టారు: 'గోడబంతి ఎలా పుట్టింది?' పిల్లల కోసం, ఒకే ఒక్క ఫారం, అంటే పదహారు పేజీలు, సగం బొమ్మలు. ముందు ఎవరో రచయితకు అప్పగించారు. ఆయన మూడు నెలలు మాట్లాడి, రెండు పేరాలు రాసి, వేరే పని వచ్చిందని వెళ్ళిపోయాడు. ఆ రెండు పేరాల్లోనూ 'మహోన్నత' అనే మాట ఐదుసార్లుంది. అప్పుడు తమ్ముడే అన్నాడు, "అక్కా, నువ్వు రాయి. ఈ ఊళ్ళో నువ్వు చదివినన్ని పాత కాగితాలు ఎవరు చదివారు?"

ఆ మాట నిజమే. జిగురక్క బడికి వెళ్ళింది ఐదో తరగతి దాకా. మిగతా చదువంతా చేతికొచ్చిన పుస్తకాల్లోదే. కుట్టడానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ముందు చదివేది, తర్వాత కుట్టేది. బైండింగు కూడా ఆమెకు ఎవరూ నేర్పలేదు. ప్రెస్సు పెట్టిన తాత ఆడపిల్లను బల్ల దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆయన పోయాక, ఆయన కట్టిన పుస్తకాలు చిరిగి మరమ్మతుకు వచ్చేవి. వాటిని విప్పుతూ, ఆయన ముడి ఎలా వేశాడో, దారం ఎక్కడ తిప్పాడో చూసి, మళ్ళీ అలాగే కట్టి నేర్చుకుంది. నలభై ఏళ్ళ తర్వాత ఇప్పుడు వంద పుస్తకాల్లోంచి తాత చేతిది ఏదో కళ్ళు మూసుకుని చెప్పగలదు. వెన్ను లోపల అతికే చెత్తకాగితం మూలల్ని ఆయన ఏటవాలుగా కోసేవాడు. ఇంకెవరూ అలా కొయ్యరు.

గోడబంతి ఆడని పిల్లలు ఆ ఊళ్ళో లేరు. పక్క ఊళ్ళకూ, ఆ పక్క ఊళ్ళకూ పాకి, ఇప్పుడు పోటీలూ కప్పులూ దాకా వచ్చింది. అరచేత్తో బంతిని గోడకు కొట్టాలి. తిరిగొచ్చినదాన్ని ఎదుటి జట్టు కొట్టాలి. కొడుతూ కొడుతూ గోడ పొడవునా జరగాలి. అంతవరకూ మామూలే. ఈ ఆటకు ప్రత్యేకమైనది ఇంకొకటుంది. బంతి తగిలిన చప్పుడు 'ఠంగు'మని కాక 'బొద్దు'మని వస్తే, కొట్టినవాళ్ళు "మెత్తా!" అని అరవాలి. వెంటనే రెండు జట్లూ ఇరవై అడుగులు వెనక్కి, గీత దాకా పరుగెత్తాలి. ఆఖరున చేరినవాళ్ళు ఆట నుంచి బయటికి. కొత్త సిమెంటు గోడల మీద అలాంటి చప్పుడు రాదు కాబట్టి, పోటీల్లో రిఫరీయే తనకు తోచినప్పుడు విజిలూది 'మెత్త' అంటాడు. ఎందుకు పరుగెత్తాలో ఎవరూ అడగరు. ఆట అంటే అంతే మరి.

ఈ ఆదివారానికి ఆట మొదలై డెబ్బై ఐదేళ్ళు. అందుకని పోటీ స్టేడియంలో కాక, ఆట పుట్టిన పాత గోడ దగ్గరే పెట్టారు. ఊరి పైరోడ్డును మోసే రాతిగోడ అది. రెండు నిలువుల ఎత్తు, నూట యాభై అడుగుల పొడవు. మొదటి ఆట ఆడేది బడి పిల్లల జట్టు, పదిహేను మంది. వాళ్ళలో జిగురక్క మనవరాలు ఒకతి. పన్నెండేళ్ళది. గొంతుకు ఊరంతా పెట్టిన పేరు మైకు.

వెన్ను మీద ఆఖరి పొర లేచింది. దాని కింద తాత అతికిన చెత్తకాగితం. మూలలు ఏటవాలుగా ఉన్నాయి. మామూలుగా అయితే అలాంటివి తడిపి ఊడదీసి బుట్టలో వేసేస్తారు. జిగురక్క పారెయ్యదు, చదువుతుంది. అద్దం మీద పరిచి నీళ్ళు చిలకరించింది. అచ్చు కాగితం. పైన అంకె: 9.

కింద ఇలా ఉంది.

'మూడో నియమం. ఒకే చోట వరసగా మూడు రోజులు మెత్త పలికితే ఆట ఆపెయ్యాలి. వెనక్కి వచ్చినవాళ్ళు మళ్ళీ ముందుకు వెళ్ళకూడదు. పెద్దవాళ్ళకు చెప్పాలి. పెద్దవాళ్ళు వినకపోతే అరుస్తూనే ఉండాలి. గోడ మళ్ళీ కట్టారు. కట్టినంత మాత్రాన నమ్మకండి. ఈ ఆట పెట్టింది ఇందుకే.'

ఆమె రెండుసార్లు చదివింది. తర్వాత అలమరలోంచి సంఘంవాళ్ళు ఇచ్చిన పాత నియమాల పుస్తకం తీసింది. ఆట పెట్టిన మాస్టారు రాసింది, ఇదే ప్రెస్సులో అచ్చయింది. ఎనిమిది పేజీలు. రెండు నియమాలు. మూడోది లేదు. ఎనిమిదో పేజీ చివర 'సమాప్తం' అని కూడా లేదు. పుస్తకం అక్కడితో అయిపోయిందని ఇన్నాళ్ళూ అందరూ అనుకున్నారు.

కాగితం మడతపెట్టడం తెలిసినవాళ్ళకు ఇందులో అర్థం కానిదేమీ లేదు. ఒక కాగితాన్ని రెండుసార్లు మడిస్తే ఎనిమిది పేజీలొస్తాయి. మాస్టారు రాసింది తొమ్మిదో పేజీలోకి జారింది. ఆ ఒక్క పేజీనీ విడిగా అచ్చువేసి, ప్రతి పుస్తకానికీ చేత్తో అతికించాలి. విసుగు పని. తాత అచ్చయితే వేశాడు, అతికించలేదు. కట్టలుగా మిగిలిన ఆ కాగితాలతో రాసి నిండి బైండింగుకు వచ్చిన బడివాళ్ళ రిజిస్టర్లకు అదే ఏడాది వెన్ను కట్టాడు.

బడివాళ్ళు ప్రదర్శన కోసం బాగుచెయ్యమని పంపిన రిజిస్టర్లు నాలుగు. మిగతా మూడూ కూడా విప్పింది. అన్నింట్లోనూ అదే పేజీ. ఒకదాంట్లో నాలుగు పొరలు.

ఆ తర్వాతే హాజరుపట్టీ లోపలికి చూసింది. జూలై పదహారు దాకా అన్నీ మామూలు టిక్కులే. పదిహేడో తేదీ గడిలో టిక్కులకు బదులు నిలువుగా ఒకే మాట: గోడ. ఆ రోజు నుంచి తొమ్మిది పేర్ల ఎదురుగా సంవత్సరం చివరి దాకా ఎర్రగీత. స్కేలు పెట్టి గీసిన గీత కాదు.

*

గురువారం సాయంత్రం మైకు ఇంటికి రావడమే అరుచుకుంటూ వచ్చింది. "అమ్మమ్మా! పాత గోడ మీద నిజం మెత్త వచ్చింది! విజిలు మెత్త కాదు, అసలు మెత్త! ఐదో నంబరు దగ్గర!"

జిగురక్క అట్టలు కోస్తోంది. చేయి ఆగింది. "ఎన్నిసార్లు?"

"నేను ఎన్నిసార్లు కొడితే అన్నిసార్లు. డ్రిల్లు మేడమ్ కూడా నవ్వింది. ఆదివారం మేం ఐదో నంబరు మీదే కొడతాం. అవతలి జట్టుకి తెలీదుగా, వాళ్ళు పరుగెత్తేసరికి మేం గీత దగ్గరుంటాం." అంటూ బ్యాగు మూలకు విసిరింది. "ఏంటలా చూస్తున్నావు? మోసం కాదు, తెలివి."

"తెలివే. గోడ ఎలా ఉంది?"

"గోడ గోడలా ఉంది. తెల్లగా సున్నం వేశారు, నీలం అంకెలు వేశారు. పెళ్ళికూతురిలా ఉంది."

శుక్రవారం పొద్దున్నే గొడుగు తీసుకుని జిగురక్క పాత గోడ దగ్గరికి వెళ్ళింది. సంచిలో మైకు బంతి. ఆ సమయంలో అక్కడ ఎవరూ లేరు. వానలో సంఘం తెప్పించిన ఇనప కుర్చీలు మాత్రం గోడకు ఎదురుగా, ఆడే చోటుకు ఓ వైపున, మూడు వరసల్లో తడుస్తున్నాయి. మొదటి వరసకూ గోడకూ మధ్య పది అడుగులు కూడా లేవు.

ఒకటో నంబరు దగ్గర బంతి కొట్టింది. ఠంగు. రెండు, మూడు, నాలుగు. ఠంగు, ఠంగు, ఠంగు. యాభై ఎనిమిదేళ్ళ అరచెయ్యి మండింది. ఐదు దగ్గర కొట్టింది.

ఆ చప్పుడు ఆమెకు బాగా తెలుసు. అట్ట మీద గుడ్డ అతికించాక, జిగురు సరిగా పట్టిందో లేదో చూడటానికి వేలి కణుపుతో అంగుళం అంగుళం తడుతుంది. పట్టిన చోట చప్పుడు గట్టిగా ఉంటుంది. లోపల గాలి బుడగ ఉన్నచోట అది బొద్దుగా, కాస్త ఆలస్యంగా, ఎక్కడో లోపలి గదిలోంచి వచ్చినట్టు వస్తుంది. రోజుకు వందసార్లు వినే చప్పుడు అది. ఇప్పుడు రెండు నిలువుల రాతిగోడ లోంచి వస్తోంది.

వంగి గోడ అడుగున చూసింది. పాత గోడకు కింద అడుగడుగునా పిడికిలంత కన్నాలుండేవని ఆమెకు చిన్నప్పటి జ్ఞాపకం. వానాకాలంలో వాటిలోంచి నీళ్ళు కారేవి, వీళ్ళు కాగితం పడవలు వదిలేవాళ్ళు. ఇప్పుడు ఒక్క కన్నమూ లేదు. కన్నం ఉండాల్సిన చోటల్లా కొత్త సిమెంటుతో గుండ్రటి మచ్చ, దాని మీద సున్నం. గోడ నున్నగా, అందంగా ఉంది. పైరోడ్డు మీద నీళ్ళు వరదలా పారుతున్నాయి. కింద నేల మాత్రం వాన చుక్కలకు తప్ప దేనికీ తడవలేదు. మరి పై నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నట్టు?

ఐదో నంబరు మీద అరచెయ్యి ఆనించింది. సున్నం చల్లగా ఉంది. పక్క నంబర్ల దగ్గరికంటే చల్లగా.

*

"నీకెందుకక్కా ఇదంతా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు తమ్ముడు. "భయమైతే మైకుని పంపకు. జ్వరమని చెప్పు."

"నా పిల్లకు జ్వరమొస్తుంది. మిగతా పద్నాలుగు మందికి?"

అతను మిషను తుడవసాగాడు.

మధ్యాహ్నం సంఘం కార్యదర్శి ప్రూఫులు చూడటానికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఎదుటివాళ్ళు పెద్దవాళ్ళయితే చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి, చేతులు కట్టుకుని మాట్లాడతాడు. ఎర్ర పెన్సిలు చేతిలో పట్టుకుని పేజీలు తిప్పుతూ పదిహేనో పేజీ దగ్గర ఆగాడు.

"ఏంటమ్మా ఇది? మూడో నియమమా?"

"మాస్టారు రాసిందే. ఇదిగో కాగితం."

ఆయన తొమ్మిదో పేజీ చూశాడు. తిప్పి వెనక కూడా చూశాడు. "గోడకు చెవులుంటాయంటారు, విన్నాను. మీరు నోరు కూడా ఉందంటున్నారు."

"ఉంది. మీరు దాని నోళ్ళన్నీ సిమెంటు పెట్టి మూశారు. అడుగున కన్నాలు."

"అదా! బంతి వంకరగా పోతోందని పిల్లలే గోల పెడితే మూయించాం. ఇంజనీరు కూడా వచ్చి చూశాడమ్మా."

"ఏం చూశాడు?"

"సున్నం బాగుందన్నాడు." ఆ మాట అన్నాక ఆయనకే ఎలాగో అనిపించినట్టుంది, పెన్సిలు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చాడు. "చూడండి, అతిథులకు పిలుపులు వెళ్ళిపోయాయి. ఒక పాత కాగితం పట్టుకుని అంతా ఆపమంటే నేను ఎవరికి చెప్పుకోను? పైగా పిల్లల పుస్తకం. ఇందులో గోడ కూలి తొమ్మిది మంది ఇంటికి రాలేదని రాశారు. ఇది చదివి పిల్లలు పడుకుంటారా?"

"మెలకువగా ఉండాలనే రాశాను."

"నియమం మార్చాలంటే సర్వసభ్య సమావేశం పెట్టాలమ్మా. నేనొక్కణ్ణీ ఎలా ఒప్పుకుంటాను?" పదిహేనో పేజీ మీద ఎర్రగీత గీశాడు, పై మూల నుంచి కింది మూల దాకా. "ఇక్కడ కప్పు బొమ్మ వెయ్యండి. మిగతా పదిహేను పేజీలూ అద్భుతం. మాస్టారి ఆత్మ సంతోషిస్తుంది."

ఆయన వెళ్ళాక జిగురక్క ఆ ఎర్రగీతను చూస్తూ కాసేపు కూర్చుంది. బల్ల మీద హాజరుపట్టీ తెరిచే ఉంది.

సాయంత్రం ఆరింటికి మైకు వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. "ఇవాళ కూడా ఐదే! ఎంత బాగా వచ్చిందో! నిన్నటికంటే పెద్దగా."

రెండో రోజు.

జిగురక్క లేచి, నాలుగు రిజిస్టర్ల లోంచి తీసిన కాగితాలన్నీ తమ్ముడి ముందు బల్ల మీద వరసగా పరిచింది. పద్నాలుగు తొమ్మిదో పేజీలు. ఏ మూల చూసినా ఏటవాలుగా కోసి ఉంది.

"తాతవి," అన్నాడు తమ్ముడు మెల్లగా. ఆ కోత అతనికీ తెలుసు.

"తాతవే. అచ్చువేశాడు, అతికించలేదు. ఫారంలో పట్టలేదని. ఇవాళ నువ్వు కూడా పదహారు పేజీలే అన్నావు."

"అది నేను అనలేదక్కా, సంఘం..."

"తాతను కూడా ఎవరో తొందరపెట్టే ఉంటారు. ఆయన చేతి పని నాకు తెలుసు, బద్ధకస్తుడు కాదు."

తమ్ముడు ఒక కాగితం తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. ఆ అక్షరాల అచ్చు దిమ్మెలు ఇంకా వెనక అరలోనే ఉన్నాయి, వాడక నల్లబడి. "కార్యదర్శి పేజీ కొట్టేశాడు కదా. మళ్ళీ వేస్తే ఒప్పుకోడు."

"ఆయన చూసింది పదహారు పేజీలు. ఆ పదహారూ ఆయన చెప్పినట్టే ఉంటాయి, కప్పు బొమ్మతో సహా. అట్ట లోపలి కాగితం పేజీ కాదు. ఇన్నేళ్ళలో దాని మీద ఏముండాలో ఎవరైనా అడిగారా? అది బైండరుది."

"అతికించేస్తే చింపడం కూడా కుదరదు," అన్నాడు అతను, సగం తనలో తను.

"చింపాలంటే అట్ట చింపాలి."

తమ్ముడు చేతులు ప్యాంటుకు తుడుచుకుని, వెనక అర లాగి, నల్లబడ్డ దిమ్మెలు ఒక్కొక్కటే ఏరి వరసలో పేర్చడం మొదలుపెట్టాడు. కాసేపయ్యాక తల ఎత్తకుండానే అన్నాడు, "రెండొందల ముప్ఫై వేస్తాను. చెమ్మకి కొన్ని పాడవుతాయి."

*

శనివారం పొద్దుట నుంచి జిగురక్క మైదా జిగురు కాచింది. పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం కలిపింది. ముసురులో జిగురు ఆరదు. అందుకని పలచగా రాసి, కాగితం వేసి, మడత పలకతో మధ్యలోంచి అంచులకు నొక్కి, ఒక్కో అట్టనూ కణుపుతో తట్టి విన్నది. బొద్దుమంటే మళ్ళీ ఎత్తి మళ్ళీ అతికించింది. తొందర ఉంది కదా అని ఒక్కదాన్నీ వదల్లేదు. మధ్యాహ్నానికి ఇరవై కాపీలు బరువు కింద కాస్త ఆరాయి. వాటిని గుడ్డలో చుట్టి పాత గోడ దగ్గరికి తీసుకెళ్ళింది.

పిల్లలు ఆఖరి సాధనలో ఉన్నారు. వాన కాస్త తెరిపిచ్చింది. గోడ మీద సున్నం ఐదో నంబరు చుట్టూ బూడిదరంగుకు తిరిగింది. ఓ కుర్చీలో కూర్చున్న డ్రిల్లు మేడమ్ ఆమెను చూసి నవ్వింది. "ఏంటండీ, పంచేది రేపు కదా? ఇవాళే తెచ్చారు?"

"ఆడేవాళ్ళకు ముందు ఇవ్వాలి కదమ్మా."

పిల్లలు మీద పడ్డారు. కొత్త పుస్తకం వాసన చూసేవాళ్ళు చూశారు, బొమ్మల్లో తమ మొహాలు వెతుక్కునేవాళ్ళు వెతుక్కున్నారు. మైకు అట్ట తెరిచింది. లోపల ఎడమవైపు, అంత పెద్ద అక్షరాల్లో, పాత అచ్చు.

"ఇదేంటి అమ్మమ్మా, మూడో నియమం? మనకి రెండే కదా?"

"మూడు. మాస్టారు మూడు పెట్టారు. చదువు."

మైకు చదివింది. చదవడమంటే దానికి అరవడమే కాబట్టి, వీధి చివర దాకా వినపడింది. 'పెద్దవాళ్ళు వినకపోతే అరుస్తూనే ఉండాలి' దగ్గర పిల్లలు నవ్వారు. 'ఈ ఆట పెట్టింది ఇందుకే' దగ్గర నవ్వు ఆగింది.

"గురువారం వచ్చింది," అన్నాడు పొట్టిగా ఉండే జట్టు నాయకుడు. వాణ్ణి అందరూ లాయరంటారు, నియమాల మీద గొడవపడతాడని. "నిన్న వచ్చింది. ఇవాళ ఇంకా కొట్టలేదు."

మైకు బంతి తీసుకుని ఐదో నంబరుకు ఎదురుగా నిలబడింది. జిగురక్క పిల్లను వెనక్కి లాగుదామని ఒక అడుగు వేసింది. అప్పటికే మైకు, ఆట నేర్చుకున్న రోజు నుంచి అలవాటైన విధంగా, దూరం నుంచి, ఒంటికాలి మీద వెనక్కి వాలి కొట్టింది.

బొద్దు.

"మెత్తా!"

పదిహేను మందీ పరుగెత్తారు. ఇరవై అడుగుల గీత దాటారు. ఎవరు ఆఖరో ఎవరూ చూడలేదు. గీత అవతల నిలబడి గోడవైపు తిరిగారు. మామూలుగా అయితే వెంటనే మళ్ళీ ముందుకు వస్తారు.

"ఆట ఆగింది మేడమ్," అన్నాడు లాయరు.

"ఏయ్, పిచ్చి వేషాలు వెయ్యకండి. రేపు పోటీ పెట్టుకుని..."

"పెద్దవాళ్ళకు చెప్పాలని ఉంది. మీరు పెద్దవాళ్ళు. చెప్పేశాం. మీరు వినకపోతే అరుస్తాం." అని మైకు వైపు చూశాడు. మైకు ఊపిరి పీల్చింది.

"ఆగాగు, నువ్వు మొదలుపెట్టకే!" డ్రిల్లు మేడమ్ లేచి, బంతి తీసుకుంది. ఆమె కూడా చిన్నప్పుడు ఈ గోడ మీదే ఆడింది. ఐదు మీద కొట్టింది. మొహం మారింది. నాలుగు మీద కొట్టింది. ఆరు మీద కొట్టింది. నిన్న పొద్దున జిగురక్క విన్నప్పుడు నాలుగు గట్టిగా పలికింది. ఇప్పుడు నాలుగూ, ఆరూ కూడా బొద్దుమన్నాయి. మేడమ్ బంతిని అందుకోలేదు. అది దొర్లుకుంటూ గోడ దగ్గరికి పోయి, అక్కడే ఆగింది. తెచ్చుకోవడానికి ఎవరూ వెళ్ళలేదు.

"ఆ కాగితం మాస్టారిదేనా అండీ?" అంది చాలా నెమ్మదిగా.

జిగురక్క హాజరుపట్టీ కూడా తెచ్చింది. పదిహేడో తేదీ తెరిచి చూపించింది.

మేడమ్ కబురు పెడితే, పావుగంటకు కార్యదర్శి స్కూటరు మీద వచ్చాడు. వచ్చేసరికి మేడమ్, పిల్లలూ కలిసి చివరి వరస కుర్చీలు ఎత్తి అవతలికి చేర్చేశారు. మొదటి రెండు వరసల దగ్గరికి మాత్రం ఆమె ఎవర్నీ పోనివ్వలేదు. ఆయన ఏదో గట్టిగా అనబోయాడు. గీత అవతల నుంచి పదిహేను గొంతులు ఒక్కసారి లేచాయి: "మెత్తా! మెత్తా! మెత్తా!" మైకు గొంతు అన్నింటి పైన. ఆయన చెవులు మూసుకున్నాడు. "ఒరే, ఆపండ్రా, నేను సంఘం కార్యదర్శిని!"

"ఆట నియమం సార్," అన్నాడు లాయరు.

పిల్లలు చీకటి పడేదాకా ఆపలేదు. పైరోడ్డు మీద వెళ్ళే బండ్లవాళ్ళు కూడా ఆగి, ఏమిటీ గోల అని కిందికి తొంగిచూశారు. అక్కడ నిలబడకండని మేడమ్ చేతులూపుతూ కింద నుంచి కేకలు వేసింది.

*

ఆదివారం పొద్దున తమ్ముడూ జిగురక్కా చెరో కట్టా మోసుకుని సంఘం ఆఫీసుకు వెళ్ళారు. ఆఫీసు కిటికీలోంచి పాత గోడ కనపడుతుంది. గోడ ఇంకా నిలబడే ఉంది. ఐదో నంబరు దగ్గర సున్నం పై నుంచి కింది దాకా చీలింది. ఆ చీలికలో మనిషి చెయ్యి పడుతుంది. దాంట్లోంచి బురదనీళ్ళు చప్పుడు లేకుండా కారుతున్నాయి. నిన్న ఆగిపోయిన బంతి ఆ బురదలో సగం మునిగి ఉంది. మొదటి రెండు వరసల కుర్చీలు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఎవరూ లేకుండా, గోడను చూస్తూ. ఇరవై అడుగులు కాదు, నలభై అడుగుల దూరంలో తాడు కట్టి ఉంది. పైరోడ్డు రెండు వైపులా డ్రమ్ములు అడ్డం పెట్టారు. ఆటను బడి ఆవరణలోకి మార్చారు. అక్కడి నుంచి పిల్లల అరుపులు సన్నగా వినపడుతున్నాయి.

కార్యదర్శి రాత్రంతా నిద్రపోయినట్టు లేడు. బట్టల మీద బురద. తాడు ఆయనే కట్టాడని గుమ్మం దగ్గర ఎవరో చెప్పారు. మొదటి పుస్తకం తీసి అట్ట తెరిచాడు. ఎడమవైపు చూశాడు. జిగురక్క ఆయన మొహంలోకి చూడకుండా కట్టల దారం విప్పింది.

"ఇది నేను ఒప్పుకున్న పదహారు పేజీల్లో లేదు కదమ్మా," అన్నాడు. అది నింద కాదు.

"లేదండి."

ఆయన అట్ట లోపలి కాగితం మీద వేలి కణుపుతో తట్టాడు. ఎందుకు తట్టాడో ఆయనకే తెలియదు. చప్పుడు గట్టిగా వచ్చింది. ఇంకొకటి తీసి తట్టాడు. అదీ గట్టిగానే ఉంది.

"ఇంజనీరు రేపు వస్తానన్నాడు," అన్నాడు కిటికీ వైపు తిరిగి. "అప్పటిదాకా ఆగుతుందంటారా?"

జిగురక్క కూడా అటు చూసింది. చూసి, కట్టలు రెండూ ఆయన వైపు జరిపింది.

"రెండొందలున్నాయి. ఇరవై నిన్న పిల్లలకిచ్చాను, వాటికి బదులు మళ్ళీ కట్టాను. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది, రెండు రోజులు బరువు పెట్టి ఉంచండి. అట్ట వంకరపోతే మళ్ళీ నా దగ్గరికి పంపండి."